మెట్ల దగ్గర ఆయాసం: నరాల జబ్బుల్లో గుండెకూ ఊపిరికీ వైద్యం

పక్షవాతం వచ్చిన మనిషిని పలకరించడానికి వెళ్ళినవాళ్ళు ముందు చేతి సంగతి అడుగుతారు, తరవాత కాలి సంగతి. "చెయ్యి లేస్తోందా? నాలుగడుగులు వేస్తున్నాడా? మాట తెలుస్తోందా?" మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నాడా, దగ్గితే కఫం బయటికి వస్తోందా అని అడిగేవాళ్ళు అరుదు. ఆసుపత్రిలోనూ ఇంచుమించు ఇదే వరస. నరాల డాక్టరు కాలూ చెయ్యీ చూస్తారు. గుండె డాక్టరు ఈసీజీ చూస్తారు. ఛాతీ డాక్టరు ఎక్స్‌రే చూస్తారు. ఒకే ఒంట్లో ఈ మూడూ ఒకదాన్నొకటి ఎలా కుంగదీస్తున్నాయో చూసే పూచీ మాత్రం ఎవరికీ ఉండదు.

ఈ విషయం మీద ఏళ్ళ తరబడి వచ్చిన పరిశోధనను ఒకచోట పెట్టుకుని చదివాక నాకు గట్టిగా అనిపించింది ఇది: నరం దెబ్బతిన్న మనిషికి గుండె సత్తువ, ఊపిరి సత్తువ ఎంత ఉన్నాయో కొలవకుండా చేసే పునరావాస వైద్యం సగంలో ఆగిపోయిన వైద్యం. కొలిచాక చేయవలసింది మాత్రం అందరికీ ఒకటి కాదు. కొందరికి చెమట పట్టేదాకా పని చెప్పాలి. కొందరికి పని తగ్గించి ఊపిరికి ఊతం ఇవ్వాలి. ఎవరు ఏ కోవకు చెందుతారో తెలుసుకోకుండా మొదలుపెడితే మంచి జరగకపోగా ప్రాణం మీదికి వస్తుంది.

ముందుగా మంచం సంగతి. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళను ఐదుగురిని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా ఉంచారు. తీవ్రంగా శ్రమించినప్పుడు ఒళ్ళు వాడుకోగలిగే ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తరవాత ఆ ఐదుగురినే వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు హరించినదానికంటే ఆ మూడు వారాల మంచమే ఎక్కువ హరించిందని తేలింది. ఏ జబ్బూ లేని కుర్రాళ్ళ లెక్క అది. బీపీ, షుగరు ఉండి, అరవై దాటి, ఒక పక్క పడిపోయిన మనిషి మూడు నెలలు మంచానికి అంటిపెట్టుకుంటే ఏం మిగులుతుందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

గుండె వైద్యం ఈ పాఠం ముందే నేర్చుకుంది. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. 1952లో బోస్టన్‌లో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించారు. ఆ కుర్చీ నుంచే నెమ్మదిగా నడక, సైకిలు, ట్రెడ్‌మిల్ వచ్చాయి. నరాల వైద్యంలో అంత చొరవ కనబడలేదు. దానికో కారణం ఉంది. లండన్‌లో బెర్టా, కారెల్ బోబాత్ దంపతులు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రూపొందించిన పద్ధతి ప్రపంచమంతటా ఫిజియోథెరపీని దశాబ్దాలపాటు నడిపించింది. గట్టిగా శ్రమపడితే పడిపోయిన వైపు బిగుసుతనం పెరుగుతుందన్న భయం ఆ ఆలోచనలో ఉండేది. కదలిక తీరుగా ఉండాలి, ఒళ్ళు అలవకూడదు అన్నట్టుగా చికిత్స సాగేది. బోబాత్‌లు చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ భయం నిజం కాదని తేలేలోపు ఒక తరం రోగులు గుండె బలాన్ని పోగొట్టుకున్నారు.

ఎంత పోగొట్టుకున్నారో అంకెల్లో చెప్పవచ్చు. ఇంటి పనులు సొంతంగా చేసుకుంటూ బతకడానికి మనిషి ఒంట్లో కిలో బరువుకు నిమిషానికి సుమారు 15 నుంచి 18 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకునే సత్తా ఉండాలంటారు. పక్షవాతం వచ్చినవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నిట్నీ కలిపి చూస్తే వాళ్ళ గరిష్ఠ సామర్థ్యం 8 నుంచి 22 మిల్లీలీటర్ల మధ్య ఉంది. అంటే చాలామంది బతుకు వెళ్ళదీయడానికి కావలసిన గీత దగ్గరో, దాని కిందో ఉన్నారు. పైగా కాలు ఈడుస్తూ, నడుము ఎత్తి, పక్కకు తిప్పి నడిచే నడకకు మామూలు నడకకంటే చాలా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. రాబడి సగమైంది, ఖర్చు పెరిగింది. స్నానాల గదిదాకా వెళ్ళొచ్చి మంచం మీద కూలబడే మనిషిని ఇంట్లోవాళ్ళు "బద్ధకం", "మనసు పెట్టడం లేదు" అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆయన అప్పటికే తన శక్తి అంచున నడుస్తున్నాడు.

మరి రోజూ చేయిస్తున్న ఫిజియోథెరపీ ఈ లోటు తీర్చదా? కెనడాలో మెరిలిన్ మెకే-లయన్స్, ఆమె సహ పరిశోధకురాలు రోగులకు గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి చికిత్స జరుగుతున్నంతసేపూ గమనించి, 2002లో ఫలితం ప్రకటించారు. గుండెకు శిక్షణ అనదగిన స్థాయిలో కొట్టుకున్న సమయం ఒక ఫిజియోథెరపీ విడతలో సగటున మూడు నిమిషాలకు కూడా చేరలేదు. మిగతా సమయమంతా కీళ్ళు కదపడం, నిలబెట్టడం, సర్దడం. అవసరమైన పనులే అవన్నీ, కానీ గుండెకు అందింది మూడు నిమిషాలు. ఈ మొత్తం విషయంలో అతి ముఖ్యమైన అంకె ఏదంటే నేను ఇదే చెబుతాను.

ఇక శిక్షణ ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న. కాక్రేన్ సంస్థ 2020లో ప్రచురించిన సమీక్షలో 75 పరిశోధనలు, 3,017 మంది రోగులు ఉన్నారు. అలుపొచ్చేలా నడిపించినా, సైకిలు తొక్కించినా, దానికి కండరాల వ్యాయామం జోడించినా నడక వేగం, నిలకడ మెరుగయ్యాయి, వైకల్యం కొంత తగ్గింది. ప్రాణాలు నిలుస్తాయా అన్నది ఆ సమీక్ష తేల్చలేకపోయింది. అలాంటి ప్రశ్నకు జవాబిచ్చేంత పెద్ద పరిశోధనలు అందులో లేవు. ఎంత గట్టిగా చేయించాలన్న దాని మీద 2023లో అమెరికాలో వచ్చిన పరిశోధన ఆసక్తికరం. పక్షవాతం వచ్చి నెలలు, ఏళ్ళు గడిచిన 55 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు మధ్యస్థమైన వేగంతో ఆగకుండా నడిచింది. రెండో జట్టు కొన్ని సెకన్లు శక్తికొద్దీ వేగంగా నడిచి, కాస్త ఆగి, మళ్ళీ వేగంగా నడిచింది. పన్నెండు వారాల చివర ఆరు నిమిషాల్లో నడవగల దూరం మొదటి జట్టుకు 27 మీటర్లు, రెండో జట్టుకు 71 మీటర్లు పెరిగింది. జట్లు చిన్నవే. అయినా "ఇక ఏడాది దాటింది, ఇంతే" అని చేతులు దులుపుకునేవాళ్ళకు ఇది జవాబు.

ఉత్సాహం పెరిగినచోటే జాగ్రత్త చెప్పిన పరిశోధన కూడా ఉంది. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపే రోగిని లేపి, పదేపదే నిలబెట్టి నడిపిస్తే ఇంకా మేలు కదా అని ఐదు దేశాల్లో 56 ఆసుపత్రుల్లో 2,104 మంది మీద పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితం అందరి అంచనానూ తలకిందులు చేసింది. మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్ళు తీవ్రంగా లేపిన జట్టులో 46 శాతం, మామూలు చికిత్స జట్టులో 50 శాతం. మెదడుకు రక్తం ఇంకా నిలకడగా అందని ఆ మొదటి గంటల్లో ఎక్కువసేపు నిలబెట్టడం మంచిది కాదన్నమాట. ఖరీదైన యంత్రాల మోజు మీదా ఒక మంచి పరిశోధన ఉంది. నడుముకు పట్టీలు కట్టి పైనుంచి బరువు మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించే చికిత్సను, ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చేయించే వ్యాయామంతో అమెరికాలో 408 మందిలో పోల్చారు. 2011లో తేలిందేమిటంటే, ఏడాది చివర జట్లన్నీ సమానంగానే బాగుపడ్డాయి. మన దగ్గర అప్పు చేసి "రోబో నడక" చికిత్సకు పోయే కుటుంబాలకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

గుండె సంగతి తేల్చుకోకుండా మాత్రం దిగకూడదు. పక్షవాతం తెచ్చిన బీపీ, షుగరు, కొలెస్టరాల్, పొగాకే గుండె రక్తనాళాలనూ పాడుచేస్తాయి కాబట్టి పక్షవాతం రోగుల్లో చాలామందికి గుండె జబ్బు కూడా ఉంటుంది. కొందరికి అది ఉన్నట్టే తెలియదు. అమెరికా గుండె సంఘం 2014లో ఇచ్చిన సలహా ప్రకారం వారానికి 3 నుంచి 5 రోజులు, 20 నుంచి 60 నిమిషాలు, గుండె విశ్రాంతి వేగానికీ గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న మిగులులో 40 నుంచి 70 శాతం వాడుకునేలా వ్యాయామం ఉండాలి. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళలో నాడి లెక్క మోసం చేస్తుంది, ఎంత కష్టపడ్డా వేగం అంతగా పెరగదు. అలాంటివాళ్ళకు స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 దాకా ఉండే కష్టం కొలబద్ద అక్కరకొస్తుంది. అదీ కుదరకపోతే మాట పరీక్ష. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ రెంటి మధ్యనే మధ్యస్థమైన శ్రమ ఉంటుంది.

పార్కిన్సన్స్ జబ్బులో ఆశ పుట్టించే పరిశోధనలు ఈ పదేళ్ళలో వచ్చాయి. 2018లో అమెరికాలో, ఇంకా మందులు మొదలుపెట్టని 128 మందిని ఆరు నెలలు పరిశీలించారు. గరిష్ఠ గుండె వేగంలో 80 నుంచి 85 శాతానికి చేరేలా ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ళ కదలికల స్కోరు దాదాపు ఉన్నచోటే నిలిచింది. వ్యాయామం చేయని వారిది మూడు పాయింట్లు దిగజారింది. మరుసటి ఏడాది నెదర్లండ్స్‌లో బాస్ బ్లూమ్ బృందం 130 మందిలో సగం మందికి ఇంట్లోనే కదలని సైకిలు పెట్టించి, ఎదుట తెర మీద ఆటలు చూపిస్తూ వారానికి మూడుసార్లు తొక్కించింది. మందు ప్రభావం లేని వేళ కొలిస్తే సైకిలు తొక్కినవాళ్ళు నాలుగు పాయింట్లకు పైగా మెరుగ్గా ఉన్నారు. జబ్బు వేగాన్నే వ్యాయామం తగ్గిస్తుందని ఇప్పుడే అనలేం. అయినా మందుతో పాటు చీటీ మీద రాయవలసిన దానిగా దీన్ని చూడాల్సిన కాలం వచ్చింది.

పార్కిన్సన్స్‌లో ప్రాణం తీసేది వణుకు కాదు, చాలాసార్లు న్యుమోనియా. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తి మీద తట్టి నీళ్ళివ్వడం మన ఇళ్ళలో అలవాటు. ఈ జబ్బు ముదిరినవాళ్ళకు ఆ పల్చటి నీళ్ళే ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మింగడంతో పాటు దగ్గు కూడా మెత్తబడుతుంది కాబట్టి జారినదాన్ని బయటికి నెట్టలేరు. కొందరికి జారినట్టు కూడా తెలియదు. ఇక్కడ పనికొచ్చే సాధన చిన్నది, చవకది. స్ప్రింగు ఉన్న చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదడం, అయిదేసి ఊదుళ్ళు అయిదు విడతలు, వారానికి అయిదు రోజులు. 2010లో 60 మంది రోగులతో నాలుగు వారాలు జరిపిన పరీక్షలో, ఈ సాధన చేసినవాళ్ళకు మింగడం మరింత భద్రంగా మారింది. ఊపిరి కండరం కూడా కండరమే, దానికీ కసరత్తు ఉందని మన దగ్గర ఇంకా విస్తృతంగా తెలియదు.

నరాల మీది పొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి ఎక్కువ చెప్పను. 1890లో జర్మన్ వైద్యుడు ఉట్‌హాఫ్, శ్రమపడ్డాక ఈ రోగులకు చూపు మసకబారడం గమనించి రాశాడు. ఆ తరవాత వంద ఏళ్ళు వీళ్ళను వ్యాయామానికి దూరంగా ఉంచారు. ఆ మసక ఒంటి వేడి వల్ల వచ్చి చల్లబడగానే పోయేదే. 1996లో పెటాజాన్ బృందం 54 మందితో పరిశోధన చేసి, పదిహేను వారాల వ్యాయామంతో సామర్థ్యం 22 శాతం పెరిగిందని చూపాక ఆ భయం సడలింది. చల్లటి వేళ, ఫ్యాను కింద, మధ్య మధ్య ఆగుతూ చేస్తే సరిపోతుంది. మన ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కథ వేరు. మెడ దగ్గర దెబ్బ తగిలితే గుండె వేగం పెంచే నరాలకు మెదడు నుంచి ఆజ్ఞ అందదు. ఎంత శ్రమించినా నాడి 110, 130 మధ్యనే ఆగిపోతుంది. కూర్చోబెడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. దానికి తోడు ఒక హఠాత్ ప్రమాదం ఉంది. రొమ్ము భాగంలోని ఆరో వెన్నుపూసకు పైన దెబ్బ ఉన్నవాళ్ళకు మూత్రాశయం నిండిపోయినా, మలబద్ధకం ఉన్నా, కాలి గోరు లోపలికి గుచ్చుకున్నా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తలపోటు, ముఖం ఎర్రబడటం, చెమట దాని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి మూత్రపు గొట్టం మడతపడిందేమో చూడాలి. ఇది తెలియక తలనొప్పి మాత్ర వేసి పడుకోబెడితే మెదడులో రక్తస్రావం కావచ్చు. ఇలాంటివాళ్ళకు ఆటే వైద్యమని నమ్మిన వ్యక్తి లుడ్విగ్ గుట్‌మన్. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. అదే పెరిగి పారాలింపిక్స్ అయింది. 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు వీళ్ళకు వారానికి రెండుసార్లు 20 నిమిషాల మధ్యస్థమైన లేదా గట్టి శ్రమ, గుండె ఆరోగ్యం కోసమైతే మూడుసార్లు 30 నిమిషాలు చెబుతున్నాయి. చేతితో తిప్పే సైకిలు దానికి చాలు.

మంచం విషయంలో ఒక తేడా మాత్రం ఇంటివాళ్ళు తెలుసుకోవాలి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి వెల్లకిలా పడుకుంటేనే ఊపిరి బాగా ఆడుతుంది. నిటారుగా కూర్చుంటే పొట్ట కండరాలకు పట్టు లేక లోపలి అవయవాలు కిందికి జారతాయి, పొట్టకు పట్టీ కడితే మేలు. కండరాలను నడిపే నరాలు క్షీణించే ఏఎల్‌ఎస్ లాంటి జబ్బుతో ఊపిరి తెర కండరం నీరసించిన మనిషికి సరిగ్గా దీనికి వ్యతిరేకం. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాడు. రెండు దిండ్లు, మూడు దిండ్లు అడగడం, పొద్దున తలపోటు, పగలు కునికిపాట్లు ఉంటే ఊపిరి కండరం అలిసిపోతోందని అర్థం. ఇక్కడే కోవిడ్ తరవాత ఇంటింటా చేరిన ఆక్సిజన్ యంత్రంతో ప్రమాదం వస్తుంది. కండరం నీరసంతో ఊపిరి తగ్గినప్పుడు ఆక్సిజన్ మాత్రమే పెడితే వేలికి పెట్టిన పరికరంలో అంకె బాగానే కనిపిస్తుంది, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయి మనిషి మత్తులోకి జారతాడు. కావలసింది ఊపిరిని లోపలికి నెట్టే మాస్కు యంత్రం.

ఊపిరిని బయటినుంచి మోయవచ్చన్న పాఠం పోలియో నేర్పింది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఊపిరి నీరసించిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు కోత పెట్టి, గొట్టం వేసి, చేత్తో సంచి పిసుకుతూ ఊపిరి పోయవచ్చని చూపించాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు కూర్చుని పిసికారు. ఈనాటి ఐసీయూలకు అదే పునాది. ఊపిరికి ఊతమిస్తే ఏం జరుగుతుందో ఆ తరవాత మళ్ళీ మళ్ళీ రుజువైంది. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో డుషేన్ కండర క్షీణత ఉన్న అబ్బాయిలు 1960లలో సగటున 14 ఏళ్ళ వయసుకే పోయేవారు. 1990 తరవాత రాత్రి మాస్కు యంత్రం పెట్టించుకున్నవాళ్ళు 25 దాటారు. 2006లో ఏఎల్‌ఎస్ రోగుల మీద జరిగిన పరీక్షలో, గొంతు కండరాలు మరీ దెబ్బతినని వాళ్ళకు ఆ యంత్రం సుమారు ఏడు నెలల ఆయుష్షు కలిపింది. ఆ జబ్బుకు ఇంత మేలు చేసిన మందులు చాలా తక్కువ. 2015లో ఏఎల్‌ఎస్ రోగుల ఊపిరి తెరకు కరెంటు తీగలు అమర్చి పనిచేయించే ప్రయోగం దీనికి వ్యతిరేకంగా తేలింది. అలా చేసినవాళ్ళు 11 నెలలు, చేయనివాళ్ళు 22 నెలలకు పైగా బతికారు. అలిసిన కండరాన్ని ఇంకా తోలడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఊపిరి లోపలికి పోవడం ఎంత ముఖ్యమో దగ్గు బయటికి రావడం అంత ముఖ్యం. గట్టిగా దగ్గినప్పుడు గాలి వేగం నిమిషానికి 270 లీటర్లకు తగ్గితే జలుబు చేసినా ప్రమాదమే, 160కి తగ్గితే కఫం తనంతట రాదు. ఉబ్బసం రోగులు ఊదే చిన్న పీక్ ఫ్లో మీటరుతో ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. తక్కువుంటే, రోగి లోపలికి నిండా ఊపిరి పీల్చి దగ్గేటప్పుడు పొట్ట మీద రెండు చేతులతో పైకి నొక్కడం భార్యకో కొడుకుకో నేర్పవచ్చు.

2025 జనవరిలో పుణేలో గియాన్ బరే జబ్బు విజృంభించినప్పుడు పేపర్లు కాళ్ళ నీరసం గురించే ఎక్కువ రాశాయి. ఈ జబ్బులో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి వెంటిలేటరు కావలసి వస్తుంది. ఆ ఘడియ ముందే పసిగట్టడానికి యంత్రం లేనిచోట ఒక పద్ధతుంది. నిండా ఊపిరి తీసుకుని, మళ్ళీ పీల్చకుండా అంకెలు లెక్కపెట్టించడం. చెడుగుడు ఆడినవాళ్ళకు ఒక్క ఊపిరిలో కూత ఎంతసేపు నిలుస్తుందో తెలుసు, ఇదీ అలాంటిదే. ఆరోగ్యవంతులు నలభై, యాభై దాటతారు. పదిహేను దాటకముందే ఊపిరి అందకపోతే, పొద్దున ముప్ఫై లెక్కపెట్టిన మనిషి సాయంత్రం ఇరవైకే ఆగితే, కాళ్ళు ఎలా ఉన్నా సరే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

మన దగ్గర పక్షవాతం పడగానే రక్తపు గడ్డ కరగడానికి చేసే ఖరీదైన సూది గురించి అవగాహన పెరిగింది. ఇంటికి పంపాక ఏమిటన్నది ఇంకా కుటుంబం మీదే. మాలీషు, పసరు మందు, "కరెంటు పెట్టించడం", రోజుకింత అని ఇచ్చుకుని పిలిపించే ఫిజియో. కుటుంబానికే నేర్పి చేయిస్తే సరిపోతుందా అని భారతదేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో పరీక్షించారు. 2017లో తేలింది: నేర్పినవాళ్ళలోనూ నేర్పనివాళ్ళలోనూ చనిపోయినవారు, పరాధీనంగా మిగిలినవారు కలిపి 47 శాతమే. కుటుంబం ప్రేమకు లోటు లేదు, ఆ ప్రేమ నిపుణుడి చోటు భర్తీ చేయలేదు. మనవాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరులో, తానే ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడి చక్రాల కుర్చీలో తిరిగిన డాక్టర్ మేరీ వర్గీస్ చొరవతో 1966లో దేశంలోనే తొలి పునరావాస ఆసుపత్రి విభాగం మొదలైంది. అలాంటివి ప్రతి జిల్లాకూ రాలేదు. గుండెపోటు తరవాత యోగాతో కోలుకోవడం మీద 24 కేంద్రాల్లో 3,959 మందితో చేసిన మన దేశపు పరిశోధన 2020లో వచ్చింది. మళ్ళీ గుండెపోటు, మరణం తగ్గాయని అది తేల్చలేదు, కానీ మనుషులు మునుపటి పనుల్లోకి త్వరగా తిరిగి వచ్చారు. పక్షవాతానికి అలాంటి పెద్ద పరీక్ష ఎవరైనా చేయాలని నా కోరిక. ప్రాణాయామం మేలే, అయితే ఊపిరి బిగబట్టే కుంభకం బీపీ ఉన్న పక్షవాతం రోగికి వద్దు.

ఆరు నిమిషాల నడక పరీక్షకు కావలసింది 30 మీటర్ల వరండా, రెండు గుర్తులు, గడియారం, కూలబడితే కూర్చోవడానికి ఒక కుర్చీ. జిల్లా ఆసుపత్రిలో అంత వరండా దొరకడం కష్టం కాదు. రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద బీపీ, షుగరు, మాత్రల పేర్లు రాస్తారు. వాటి కింద ఆరు నిమిషాల్లో నడిచిన దూరం, శ్రమలో దాటకూడని నాడి, దగ్గు వేగం, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టిన అంకె రాయడానికి నాలుగు గీతల చోటు ఉంటుంది.